ఇంగ్లిషు పాఠం సిద్ధం చేసుకునేవారికి: కొన్ని అపోహలు, వాస్తవాలు

గుంటూరు బ్రాడీపేటలో సాయంత్రం పూట జరిగే ఇంగ్లిషు తరగతులకు ఇంటర్మీడియట్ విద్యార్థులు, మిర్చి యార్డులోని కమీషన్ దుకాణాల గుమస్తాలు, ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులు కలిసే వస్తుంటారు. ఇటువంటివారికి పాఠం చెప్పబోయే ఉపాధ్యాయులు సాధారణంగా తాము ఏం చెప్పాలో వివరంగా రాసుకుంటారు గానీ, ఆ గంటలో విద్యార్థి ఎవరితో, ఏ అవసరం కొద్దీ మాట్లాడతాడన్నది రాసుకోరు. కింద చెప్పిన అపోహల్లో చాలావాటికి మూలం ఈ అలవాటేనని నా అభిప్రాయం.

అపోహ: భాష చిన్నతనంలోనే అబ్బాలి. వయసు మీరినవారికి ఎంత చక్కగా చెప్పినా ఫలితం అంతంతమాత్రమే.

వాస్తవం: ఉచ్చారణ విషయంలో, దీర్ఘకాలంలో, చిన్నపిల్లలదే పైచేయి అన్న మాట నిజమే. అయితే నెదర్లాండ్స్‌లో డచ్ భాష నేర్చుకుంటున్న ఇంగ్లిషువారిపై కాథరిన్ స్నో, మరియన్ హోఫ్‌నాగెల్-హోలె 1978లో ప్రచురించిన పరిశీలనలో, తొలి నెలల్లో చిన్నపిల్లల కంటే 12 నుంచి 15 ఏళ్లవారు, పెద్దవారు వేగంగా పుంజుకున్నారని తేలింది. మన పెద్దలకు కొరవడేది తీరిక మాత్రమే. కాబట్టి ఇంటిదగ్గర చేయమని పుస్తకాల కొద్దీ పని ఇవ్వకుండా, తరగతి గంటలోనే సాధన పూర్తయ్యేలా చూసుకోవాలి.

అపోహ: పాఠం ఆసక్తిగా ఉండాలంటే ఆటలు, పాటలు, వీడియోలు ఉండాలి.

వాస్తవం: నలభై ఏళ్ల గుమస్తా చేత చప్పట్లు కొట్టిస్తూ పద్యం పాడిస్తే ఆయన మర్యాదకొద్దీ నవ్వుతారు, మరుసటి వారం రారు. ఎదుటివారి దగ్గర ఉన్న సమాచారం తనకు అవసరమై, అది అడిగితే తప్ప దొరకని పరిస్థితి ఏర్పడినప్పుడే ఆసక్తి పుడుతుంది. ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకే ప్రాంతపు పటాన్ని ఇద్దరికీ ఇచ్చి, ఒకరి పటంలో ఉన్న దుకాణాలు రెండోవారి పటంలో లేకుండా చేస్తే చాలు; ఒకరి కాగితం ఒకరు చూడకుండా దారి అడిగి, విని, గుర్తు పెట్టుకోవాలి. దీనికి బ్రాడీపేట పటం మాత్రం పనికిరాదు, ఎందుకంటే ఇక్కడ లైన్లకూ అడ్డరోడ్లకూ నంబర్లు ఉండటంతో విద్యార్థులు రెండంకెలు చెప్పి చేతులు దులుపుకుంటారు. అందుకే నేను పట్నంబజారు సందుల పటం గీసి ఇస్తాను; అక్కడ ఎదురుగా, పక్కన, దాటాక, మలుపులో వంటి మాటలకు ఇంగ్లిషులో ఏమనాలో తెలియకపోతే ఎవరూ గమ్యం చేరలేరు.

పెద్దలకు ఇంకా దగ్గరగా వెళ్లాలంటే వారి పనిలోంచే సన్నివేశం తీసుకోవాలి. గుమస్తా చేతిలోని చీటీలో ‘తేజ రకం మిర్చి టిక్కీలు (బస్తాలు) ఇంకా లారీకి ఎక్కలేదు, రెండు రోజులు ఆలస్యం’ అని ఉంటుంది. వేరే రాష్ట్రపు కొనుగోలుదారుగా నటించే నర్సు చీటీలో ‘సరుకు రేపే కావాలి, లేకపోతే ధర తగ్గించమనాలి’ అని ఉంటుంది. ఇక ఫోను సంభాషణ దానంతటదే నడుస్తుంది. ఆసుపత్రి సన్నివేశం వచ్చినప్పుడు పాత్రలు మారతాయి. పదహారేళ్ల పిల్లల సంగతి వేరు. వారికి తోటివారి ముందు నవ్వులపాలవుతామన్న భయం ఎక్కువ కనుక, జంటగా మాట్లాడిన తరువాతే నలుగురి ముందుకు పిలవాలి. ‘నా ఆశయం’ అన్న వ్యాసం వారికి కాలేజీలోనే విసుగెత్తి ఉంటుంది, దయచేసి దాని జోలికి వెళ్లవద్దు.

అపోహ: వ్యాకరణం పూర్తిగా వచ్చాకే మాట్లాడించాలి.

వాస్తవం: పదో తరగతి వరకు కాలాల పట్టికలు వల్లెవేసినవారే మన తరగతికి వస్తున్నారు, వారికి కొరవడినది పట్టిక కాదు. ఇంగ్లిషు బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 వరకు దక్షిణ భారత పాఠశాలల్లో నడిపిన బెంగళూరు ప్రాజెక్టులో వ్యాకరణ పాఠాల క్రమం లేకుండా, రైళ్ల వేళల పట్టికలు, పటాలు వంటివాటిపై ఇచ్చిన సమస్యలను పరిష్కరించడం ద్వారానే పిల్లలకు ఇంగ్లిషు నేర్పారు. నేను అంత దూరం వెళ్లను. పెద్దలు నియమం ఏమిటో అడుగుతారు, చెప్పకపోతే అసంతృప్తి పడతారు. కానీ దాన్ని మాట్లాడిన తరువాత, వారు తడబడిన చోటు కళ్లెదుట ఉన్నప్పుడు, పది నిమిషాల్లో చెబితే నిలుస్తుంది.

అపోహ: తప్పు దొర్లిన క్షణంలోనే దిద్దాలి.

వాస్తవం: వాక్యం మధ్యలో ఆపితే ఆ విద్యార్థి తరువాతి వాక్యాన్ని మొదలుపెట్టడు. జంటలు మాట్లాడుకుంటున్నప్పుడు ఉపాధ్యాయుడు కాగితం పట్టుకుని తిరుగుతూ, విన్న తప్పుల్లో నాలుగైదింటిని, బాగా కుదిరిన ఒకటి రెండు వాక్యాలను రాసుకుని, చివర్లో పేర్లు చెప్పకుండా బోర్డుపై కలిపి రాసి, ఏది సరైనదో తరగతినే తేల్చమనాలి. ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ అన్న వాక్యం బోర్డుపై కనబడితే అది ఎవరిదో ఎవరికీ పట్టదు, ఎందుకంటే అది అందరిదీ. ఉచ్చారణ వల్ల ఎదుటివారికి అర్థమే మారిపోతున్నప్పుడు మాత్రం వెంటనే సరిచేయడం మంచిది.

అపోహ: తరగతిలో తెలుగు వినబడకూడదు.

వాస్తవం: సూచన అర్థంకాక ఐదు నిమిషాలు వృథా అయ్యేచోట ఒక తెలుగు వాక్యం చెబితే మిగిలిన సమయం ఇంగ్లిషుకే దక్కుతుంది. పాఠమంతా తెలుగులో సాగితే అది వేరే సమస్య.

అపోహ: ఒకసారి చెప్పిన పదాలు వచ్చేసినట్టే, రాసుకున్న ప్రణాళిక ఆ గంటలో ముగియాల్సిందే.

వాస్తవం: కొత్తగా నేర్చినది మొదటి రోజుల్లోనే ఎక్కువగా జారిపోతుందని జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885లోనే చూపించాడు. అందువల్ల గంటకు ఎనిమిది, పది పదాలు మించకుండా ఎంచుకుని, ప్రతి తరగతిలోనూ మొదటి పది నిమిషాలు గత వారానివి, గత నెలవి మళ్లీ వాడించడానికి కేటాయించాలి. ప్రణాళికలో తప్పనిసరి భాగం ఒకటి, వీలైతే చేయించే భాగం ఒకటి విడిగా గుర్తించుకోవాలి. జంటలు వాదనలో పడి ఆగకుండా మాట్లాడుతుంటే, గంట చూసి వారిని ఆపి చదివే అభ్యాసం మొదలుపెట్టనక్కరలేదు. ఆ అభ్యాసం పక్కన ‘వచ్చే మంగళవారం’ అని రాసి, వారు వాడలేక వెతుక్కున్న మాటలను అదే కాగితంపై కింద చేర్చుకుంటే, తరువాతి పాఠానికి కావలసిన పదాల పట్టిక అక్కడే తయారవుతుంది.