ఖరక్ సింగ్ ఇంటి తలుపు నుంచి మన ఫోన్ దాకా

2021 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో తీసిన కొన్ని వీడియోలు చాలామంది చూసే ఉంటారు. పోలీసులు రోడ్డు మీద బండ్లు ఆపి సోదా చేస్తున్నారు. అంతటితో వదలకుండా ఫోన్ అడుగుతున్నారు. లాక్ తీయించి, వాట్సాప్‌లో గంజాయి మాట కొట్టి, అది ఏ చాట్‌లోనైనా దొరుకుతుందేమోనని వెతుకుతున్నారు. విమర్శలు వచ్చాక, తాము బలవంతం చేయడం లేదని, జనమే సహకరిస్తున్నారని అధికారులు చెప్పారు. నడిరోడ్డు మీద యూనిఫాంలో ఉన్న మనిషి ఫోన్ చూపించమని చెయ్యి చాపితే, చూపించనని చెప్పే ధైర్యం మనలో ఎంతమందికి ఉంటుంది?

అలా చెయ్యి చాపే అధికారం పోలీసుకు ఎక్కడిదన్న ప్రశ్న సెల్‌ఫోన్ల కన్నా చాలా పాతది. దానికి మన సుప్రీంకోర్టులో మొదట సూటిగా జవాబు చెప్పినాయన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తిని 1941లో ఒక దోపిడీ కేసులో అరెస్టు చేశారు. సాక్ష్యం దొరక్క వదిలేశారు. అయినా స్టేషన్‌లో ఆయన పేరున హిస్టరీ షీట్ తెరిచారు. మన దగ్గర రౌడీ షీట్ అంటామే, ఇంచుమించు అలాంటిదే. ఇక అప్పట్నుంచి రాత్రిళ్లు చౌకీదారో, కానిస్టేబులో ఇంటి ముందుకు వచ్చి కేకలు వేయడం, తలుపు బాదడం, నిద్రలో ఉన్నవాణ్ణి లేపి ఇంట్లోనే ఉన్నాడని చూసుకుని పోవడం. పొరుగూరికి వెళ్లాలన్నా ఎక్కడికి వెళ్తున్నాడో, ఎప్పుడొస్తాడో చౌకీదారుకు చెప్పుకోవాలి. ఈయన అక్కడికి చేరేసరికే ఆ ఊరి స్టేషన్‌కు కబురు అందుతుంది. ఒక్క నేరమూ రుజువు కాని మనిషి బతుకు ఇది. ఆ ఇంట్లో మిగతావాళ్లు ఆ రాత్రుళ్లు ఎలా గడిపారో తీర్పులో ఉండదు, కానీ ఊహించుకోవడం కష్టమేమీ కాదు.

ఆయన సుప్రీంకోర్టుకు వెళ్తే 1962 డిసెంబర్‌లో ఆరుగురు జడ్జీల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. రాత్రిపూట ఇంటికి వెళ్లి తలుపు తట్టడం చెల్లదని అందరూ ఒప్పుకున్నారు. ఎందుకంటే అది పోలీసు శాఖ రాసుకున్న రూలే తప్ప చట్టం కాదు. మిగతా నిఘా విషయానికి వచ్చేసరికి మాత్రం నలుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు అయ్యారు. గోప్యత మన రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని, కాబట్టి ఒకడి కదలికల మీద కన్నేసి ఉంచడం వల్ల పోయే ప్రాథమిక హక్కేమీ లేదని నలుగురూ తేల్చేశారు.

సుబ్బారావు ఒప్పుకోలేదు. జస్టిస్ షా ఆయనతో కలిశారు. గోప్యత అన్న మాట రాజ్యాంగంలో లేకపోవచ్చు, కానీ అది లేకుండా వ్యక్తి స్వేచ్ఛకు అర్థం లేదన్నారు సుబ్బారావు. కాళ్లకు సంకెళ్లు వేయకపోయినా, వెంట ఒక పోలీసు చూపు తిరుగుతున్న మనిషికి దేశమంతా జైలేనని రాశారు. ఇంకో అడుగు ముందుకు వేసి, ఈ నిఘా భావ ప్రకటన స్వేచ్ఛను కూడా దెబ్బతీస్తుందన్నారు. నాకు ఆ తీర్పులో అన్నిటికన్నా విలువైన మాట అదే. ఎవరో వింటున్నారని తెలిసినవాడు స్నేహితుడితో కూడా మనసు విప్పి మాట్లాడడు. గోప్యత వేరు, వాక్ స్వాతంత్ర్యం వేరు అని ఇప్పటికీ వాదించేవాళ్లు ఆ పేజీలు ఒకసారి చదవాలి.

మైనారిటీ తీర్పు కాబట్టి అది అమల్లోకి రాలేదు. కోర్టులు మాత్రం మెల్లమెల్లగా అటే జరిగాయి. 1975లో, అలాంటి పోలీసు నిఘా మీదే వచ్చిన గోవింద్ కేసులో జాగ్రత్తగా, సగం మనసుతో గోప్యతను గుర్తించారు. 1996లో ఫోన్ ట్యాపింగ్‌కు కట్టుబాట్లు పెట్టారు. ఆ తర్వాతిది మన ఊరి కేసే, కెనరా బ్యాంకుకూ హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్‌కూ మధ్య నడిచింది. స్టాంపు సుంకం ఎగవేత పట్టుకోవడానికి కలెక్టర్ పంపిన మనిషి ఎవరైనా బ్యాంకులోకి వచ్చి కస్టమర్ల కాగితాలు తిరగేయవచ్చని ఆంధ్రప్రదేశ్ ఒక సవరణ చేసుకుంది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కాగితం బ్యాంకు చేతికి ఇచ్చినంత మాత్రాన దాని మీద నీ గోప్యత పోదని, గోప్యత చోటుకు కాదు, మనిషికి చెందుతుందని చెప్పింది. మన బతుకంతా ఎవరెవరి సర్వర్లలోనో ఉన్న ఈ రోజుల్లో ఆ మాట బరువు ఇంకా పెరిగింది.

ఇంతలో ఇంటర్నెట్ వచ్చింది, దాంతోపాటే ఐటీ చట్టంలో 66ఏ వచ్చింది. ఎవరికైనా చిరాకు, అసౌకర్యం కలిగించేలా పోస్టు పెడితే మూడేళ్ల దాకా జైలు. 2013 మేలో, అప్పటి తమిళనాడు గవర్నర్ రోశయ్య మీద, చీరాల ఎమ్మెల్యే మీద ఫేస్‌బుక్‌లో రాసినందుకు హైదరాబాద్‌కు చెందిన పౌరహక్కుల కార్యకర్తను దీని కిందే అరెస్టు చేశారు. 2015 మార్చి 24న ఆ సెక్షన్‌ను కొట్టేసిన ఇద్దరు జడ్జీల్లో ఒకరు కృష్ణా జిల్లాకు చెందిన జాస్తి చలమేశ్వర్, తీర్పు రాసింది రెండో జడ్జి నారిమన్. సెక్షన్ పోయిన తర్వాత కూడా స్టేషన్లలో దాని కింద కేసులు రాస్తూనే ఉన్నారని తెలిసి 2021లో సుప్రీంకోర్టే నిర్ఘాంతపోయింది.

ఆధార్ కేసులో పాత పేచీ మళ్లీ లేచింది. 2012లో కర్ణాటక హైకోర్టు మాజీ జడ్జి పుట్టస్వామి ఆధార్‌ను సవాలు చేస్తూ పిటిషన్ వేశారు. 2015లో విచారణ నడుస్తుండగా అటార్నీ జనరల్ లేచి, గోప్యత ప్రాథమిక హక్కే కాదని, పోలీసు సోదాల మీద వచ్చిన 1954 నాటి తీర్పునూ ఖరక్ సింగ్ తీర్పునూ చూపించారు. బెంచికి నాయకత్వం వహించిన చలమేశ్వర్ దాన్ని పెద్ద ధర్మాసనానికి పంపారు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు ఒక్కమాటగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. నలుగురి మాట పోయింది, సుబ్బారావు మాట నిలిచింది. 55 ఏళ్లు పట్టింది. ఆయన 1976లోనే కన్నుమూశారు.

హక్కు దక్కింది కదా, ఇక దాన్ని కాపాడే చట్టం కావాలి. డేటా రక్షణ మీద కేంద్రం వేసిన శ్రీకృష్ణ కమిటీ 2018లో ముసాయిదా ఇచ్చింది. 2019లో పెట్టిన బిల్లును 2022లో వెనక్కి తీసుకున్నారు. చివరికి 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. ప్రైవేటు కంపెనీలు మన డేటా విషయంలో జవాబు చెప్పుకోవాలని అందులో ఉంది, అది మంచిదే. కానీ కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థకు ఆ చట్టమే వర్తించదు. నేరాల దర్యాప్తు, నివారణ పేరు చెబితే చాలా బాధ్యతల నుంచి మినహాయింపు దొరుకుతుంది. పైగా ఇదే చట్టంతో సమాచార హక్కు చట్టాన్ని సవరించారు. వ్యక్తిగత సమాచారం అన్న ఒక్క కారణంతో అధికారి మన దరఖాస్తు తిప్పికొట్టడం ఇప్పుడు ఇంకా తేలికైంది. ఖరక్ సింగ్ తలుపు తట్టింది ప్రభుత్వమే, కంపెనీ కాదు. చట్టం రాసినవాళ్లు ఆ సంగతి మర్చిపోయారనే నా బాధ.

2021 లాక్‌డౌన్‌లో హైదరాబాద్‌లో ఒక సామాజిక కార్యకర్తను పోలీసులు ఆపి, మాస్కు తీయమని ఫొటో తీసుకున్నారు. ఆ ఫొటో ఎందుకు తీశారో, దాన్ని ఏం చేశారో చెప్పమని ఆయన అడిగారు. జవాబు రాలేదు. ముఖాలను గుర్తుపట్టే టెక్నాలజీని పోలీసులు వాడటం మీద ఆయన తెలంగాణ హైకోర్టులో పిటిషన్ వేశారు, 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. ఆయన అడిగింది తన ముఖం గురించే.