125 ఎక్కడిది? ట్రాకర్‌లో టెక్నో బీటు వెనకున్న లెక్క

విశాఖ మద్దిలపాలెంలో ఉండే మా మేనల్లుడు ఇంజినీరింగ్ మూడో ఏడు. పాత ల్యాప్‌టాప్‌లో ఓపెన్‌ఎంపీటీ అనే ఉచిత ట్రాకర్ వేసుకుని టెక్నో (యంత్రాలతో కట్టే డ్యాన్స్ సంగీతం) బీట్లు కడుతున్నాడు. ట్రాకర్ అంటే పాటలు కట్టే ప్రోగ్రామే గానీ, అందులో పియానో మెట్లూ స్వరాల గుర్తులూ ఏమీ ఉండవు. తెర నిండా అంకెలు, అక్షరాలు. ప్లే నొక్కితే అవన్నీ కింద నుంచి పైకి పాకుతూ పోతాయి. మొన్న బీచ్ రోడ్డులో మొక్కజొన్న పొత్తులు తింటుంటే అడిగాడు: "ఏ కొత్త ఫైలు తెరిచినా టెంపో 125 అనే ఉంటాది మావయ్యా. 120 కాదు, 130 కాదు. ఎవరు పెట్టేరు దీన్ని?"

టెంపో అంటే నిమిషానికి ఎన్ని బీట్లో ఆ లెక్క. దాన్ని 125 అని పెట్టింది సంగీతం తెలిసినవాళ్ళు కాదు. టీవీ పెట్టింది.

ట్రాకర్లు పుట్టింది కమొడోర్ అమీగా అనే కంప్యూటర్ మీద. యూరప్‌లో దాన్ని పాల్ పద్ధతి టీవీకి తగిలించేవారు. మన దూరదర్శన్‌దీ ఆ పద్ధతే. పాల్ తెర సెకనుకి 50 సార్లు కొత్తగా గీసుకుంటుంది. ప్రోగ్రామ్ రాసేవాడికి అంతకంటే నమ్మకమైన గడియారం ఏముంటుంది? తెర ఒకసారి గీసుకుంటే పాట ఒక అడుగు ముందుకు. ఆ అడుగునే టిక్ అంటారు. ఆరు టిక్కులకి ఒక అడ్డవరస, నాలుగు వరసలకి ఒక బీటు, అంటే బీటుకి 24 టిక్కులు. నిమిషానికి 3000 టిక్కులు కాబట్టి 24తో భాగిస్తే సరిగ్గా 125. అమెరికా టీవీ సెకనుకి 60 సార్లు గీసేది. తెరని నమ్ముకుని నడిచే పాట అక్కడ 150కి పరిగెత్తేది. ఇవాళ మన ల్యాప్‌టాప్ తెరలకి ఈ 50తో ఏ సంబంధమూ లేదు. అయినా 125 అలాగే ఉండిపోయింది, కరెంటు పోయి ఆగిపోయిన గోడ గడియారంలా. టెక్నోకి మాత్రం అది కలిసొచ్చింది, ఆ సంగీతం ఎక్కువగా నడిచేది 120కీ 140కీ మధ్యనే.

మొదటి ట్రాకర్ పేరు అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్. 1987లో జర్మన్ కుర్రాడు కార్‌స్టెన్ ఒబార్స్కీ రాశాడు. అమ్మకానికి పెట్టారు గానీ పెద్దగా అమ్ముడుపోలేదు. దాన్ని విప్పి, మార్చి, పంచుకున్నవాళ్ళ వల్లే అది బతికింది. 1989లో స్వీడన్ నుంచి నాయిస్‌ట్రాకర్, 1990లో నార్వే నుంచి ప్రోట్రాకర్ వచ్చాయి. తర్వాత పీసీల మీద స్క్రీమ్ ట్రాకర్, ఫాస్ట్‌ట్రాకర్, ఇంపల్స్ ట్రాకర్ వచ్చాయి. పేర్లు మారాయి గానీ, ప్యాటర్న్‌కి (పాటలో ఒక ముక్కకి) 64 వరసలన్న అలవాటు పోలేదు. వీటిలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇంకొకటి: మాడ్ ఫైలులో (అమీగా ట్రాకర్లు పాటని దాచే ఫైలు) సాంపిళ్ళూ (రికార్డు చేసిన చిన్న చిన్న శబ్దాలు) ఉంటాయి, అవి ఎప్పుడెప్పుడు మోగాలో రాసిన వరసలూ ఉంటాయి. ఎవరి పాటైనా తెరిచి, కిక్ (పెద్ద డ్రమ్ము దెబ్బ) ఎక్కడ పెట్టాడో క్లాప్ (చప్పట్ల శబ్దం) ఎక్కడ పెట్టాడో కళ్ళతో చూడొచ్చు. వంటింట్లో నిలబడి నేర్చుకున్నట్టే.

అమీగాకి ఉన్నవి నాలుగే ఛానెళ్ళు. ఒక ఛానెల్‌లో ఒకసారి ఒకటే శబ్దం మోగుతుంది. కొత్తది వస్తే పాతది అక్కడికక్కడ తెగిపోతుంది. కిక్ ఒకదాంట్లో, క్లాప్ ఒకదాంట్లో, హైహ్యాట్లు (డ్రమ్స్‌లోని జంట తాళాల మోతలు, తెరిచినదీ మూసినదీ) రెండూ కలిపి మూడోదాంట్లో, బేస్ (కింది స్వరాలు) నాలుగోదాంట్లో పెడితే అంతే, ఇల్లు నిండిపోయింది. కానీ హైహ్యాట్లని ఒకే ఛానెల్‌లో ఇరికించడం వల్ల ఒక లాభం ఉంది. అసలు డ్రమ్స్‌లో తెరిచిన హ్యాట్ మోగుతుండగా కాలితో మూస్తే ఆ మోత చటుక్కున ఆగుతుంది. ఇక్కడ ఓపెన్ హ్యాట్ తర్వాత వరసలో క్లోజ్డ్ హ్యాట్ రాస్తే అదే పని దానంతట అదే జరుగుతుంది. ఛానెళ్ళకి కరువు లేని ఈ రోజుల్లో కుర్రాళ్ళు రెండు హ్యాట్లకీ రెండు ఛానెళ్ళిస్తారు, అవి ఒకదానిమీదొకటి పడి గజిబిజి అవుతుంది.

ఇంకో తిరకాసు కూడా ఉంది. అమీగాలో ఒకటి, నాలుగు ఛానెళ్ళు ఎడమ స్పీకరుకి, రెండు, మూడు కుడి స్పీకరుకి పోతాయి. పాత మాడ్ ఫైలు ఇయర్‌ఫోన్లలో వింటే కిక్ ఒక చెవిలో, క్లాప్ ఇంకో చెవిలో వినపడొచ్చు. మావాడు ఇయర్‌ఫోన్ పాడైందనుకుని డాబాగార్డెన్స్ వెళ్ళి కొత్తది కొన్నాడు, పాపం.

ఇక బీటు సంగతి. టెక్నో 1980లలో అమెరికాలోని డెట్రాయిట్‌లో పుట్టింది. హువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనే ముగ్గురు స్కూలు స్నేహితుల పేర్లు ముందు చెబుతారు. డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీల ఊరు కాబట్టి, స్టీల్ ప్లాంటు సైరన్ వింటూ పెరిగిన గాజువాక కుర్రాళ్ళకి ఆ సంగీతం ఇట్టే ఎక్కుతుందని ఒకాయన అన్నారు. వినడానికి బాగుంది, నేను మాత్రం నమ్మను. ఆ డెట్రాయిట్ కుర్రాళ్ళ చేతికి దొరికినవి జపాన్ రోలాండ్ కంపెనీ డ్రమ్ యంత్రాలు: 1980 నాటి టీఆర్-808, 1983 నాటి టీఆర్-909. అసలు డ్రమ్స్‌లా మోగడం లేదని బజారులో నిలవలేదు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికాయి. 808 మన దేశానికీ వచ్చింది. 1982లోనే ముంబై వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ దాని దరువు మీద పది రాగాలు వాయించి రికార్డు వేశారు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు గానీ, 2010లో మళ్ళీ విడుదలయ్యాక లోకమంతా చెవులు రిక్కించింది.

ఆ యంత్రాల ముందు భాగంలో వరసగా 16 మీటలు ఉంటాయి. 808లో అయితే నాలుగేసి మీటలకి ఒక రంగు. ట్రాకర్‌లో నాలుగు వరసలకొకటి ముదురు రంగులో కనిపిస్తుందే, అదీ ఇదే లెక్క. మన మృదంగం తరగతిలో కూర్చున్నవాళ్ళకి ఇది కొత్త కాదు, చతురశ్ర నడ. వరసకొక అక్షరం: త క ధి మి. ఆది తాళం ఒక ఆవర్తనం 32 అక్షరాలు, కాబట్టి 64 వరసల ప్యాటర్న్‌లో సరిగ్గా రెండు ఆవర్తనాలు పడతాయి.

వరసలని సున్నా నుంచి లెక్కపెడతారు. కిక్ 0, 4, 8, 12 వరసల్లో, అంటే ప్రతి "త" మీదా. ఓపెన్ హ్యాట్ 2, 6, 10, 14లో, అంటే "ధి" మీద. క్లాప్ 4, 12లో. "క", "మి"ల మీద క్లోజ్డ్ హ్యాట్. టెక్నో బీటుకి పునాది ఇంతే, పది నిమిషాల పని.

ఆ పదకొండో నిమిషంలోనే అందరూ నీరుగారిపోతారు, కుట్టుమిషన్ కొట్టినట్టుందని. తప్పు ఎక్కువగా వాల్యూమ్ గడిలో ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేస్తే మామూలుగా ప్రతి దెబ్బా నిండు 64తోనే మోగుతుంది. "క" మీది హ్యాట్‌ని 20కి, "మి" మీదిదాన్ని 32కి దించి చూడండి, నడక వస్తుంది. జాగ్రత్త, మాడ్ ఫైళ్ళలో వాల్యూమ్‌కి వాడే సీ ఆదేశం పక్కన రాసేది పదుల లెక్క కాదు, పదహార్ల లెక్క. అక్కడ 40 అంటే 64, 20 అంటే 32. ఇంకొంచెం ఊపు కావాలంటే వేగం ఆదేశాన్ని, అంటే వరసకి ఎన్ని టిక్కులో చెప్పేదాన్ని, ఒక వరసలో ఎఫ్07, తర్వాతి వరసలో ఎఫ్05 అని మార్చి మార్చి పెట్టాలి. ఏడూ అయిదూ పన్నెండు, రెండు ఆర్లూ పన్నెండే. టెంపో కదలదు, బీటు మాత్రం కొంచెం కుంటుతూ నడుస్తుంది.

మావాడి అసలు కోరిక వేరే. వినాయక నిమజ్జనం ఊరేగింపులో వినే డప్పు దెబ్బని టెక్నో కిక్ మీద కూర్చోబెట్టాలి. ఆ దెబ్బ తకిట తకిట అని మూడుమూడుగా నడుస్తుంది, 16 గడుల్లో ఎటు తోసినా ఇమడదు. "టెంపో మారిస్తే సరిపోదా?" అన్నాడు. సరిపోదు. కానీ బీటుకున్న 24 టిక్కులు నాలుగుతోనే కాదు, మూడుతోనూ తెగుతాయి. వేగం ఎఫ్08 పెడితే మూడు వరసలకే బీటు పూర్తవుతుంది, 125 చెక్కుచెదరదు. కిక్ 0, 3, 6, 9 వరసలకి జరుగుతుంది. 64 వరసల ప్యాటర్న్ మూడుతో తెగదు కాబట్టి 47వ వరసలో డీ00 అని రాసి తర్వాతి ప్యాటర్న్‌లోకి దూకాలి. అప్పుడు 48 వరసలు, 16 బీట్లు.

డప్పు సాంపిల్ కోసం ఈ ఆదివారం ఫోన్‌లో రికార్డు చేసుకొస్తానన్నాడు.