విందొలాండ: తడి మట్టి దాచిన కోట

ఉత్తర ఇంగ్లండ్‌లో, రోమన్ చక్రవర్తి హేడ్రియన్ సామ్రాజ్యపు సరిహద్దున కట్టించిన గోడకు దాదాపు ఒక మైలు దక్షిణాన ఉన్న విందొలాండ కోటలో సందర్శకుడికి మొదట కనిపించేవి క్రీ.శ. మూడో శతాబ్దం నాటివీ, ఆ తరువాతివీ అయిన రాతి పునాదులు. అసలు సంపద మాత్రం వాటి అడుగున ఉంది.

122లో గోడ కట్టడం మొదలయ్యేనాటికే ఇక్కడ రోమన్ సైన్యం స్థిరపడి దాదాపు నాలుగు దశాబ్దాలైంది. ఒక దళం వెళ్లిపోయినప్పుడు దాని చెక్క కోటను పడగొట్టి, పైన పచ్చికగడ్డలూ బంకమన్నూ పరిచి, తరువాత వచ్చినవారు కొత్త కోట కట్టుకున్నారు. గాలి చొరబడని ఆ తడి పొరల్లో తోలు, బట్ట, చెక్క కుళ్లకుండా నిలిచాయి.

రోమన్లు వెళ్లాక సరిహద్దు పొడవునా కోటల రాళ్లు పొలాల గట్లకూ, ఇళ్లకూ, పద్ధెనిమిదో శతాబ్దంలో సైనిక రహదారికీ తరలిపోయాయి. పందొమ్మిదో శతాబ్దంలో ఆ ప్రాంతపు భూస్వామి జాన్ క్లేటన్ తన సొంత డబ్బుతో కొన్ని కోటల భూములను కొని ఆ దోపిడీని ఆపాడు. విందొలాండ భూమిని పురావస్తు శాస్త్రవేత్త ఎరిక్ బర్లీ 1929లో కొన్నాడు. 1970లో ఒక ట్రస్టు ఏర్పడి తవ్వకాల బాధ్యత తీసుకుంది.

1973లో ఎరిక్ కుమారుడు రాబిన్ బర్లీకి చిత్రిక పొట్టులా కనిపించిన పల్చటి చెక్క ముక్కలు దొరికాయి. అతుక్కున్న రెంటిని విడదీస్తే లోపల సిరా రాత ఉంది. మన తాళపత్రాల్లా గంటంతో గీసినవి కావు కనుక, వెలిసిపోయిన ఆ అక్షరాలను చదవడానికి పరారుణ ఛాయాచిత్రాలు అవసరమయ్యాయి. మేజోళ్లూ లోదుస్తులూ పంపామని చెప్పే ఉత్తరం వాటిలో ఒకటి. క్లాడియా సెవెరా అనే ఆమె సెప్టెంబరు 11న తన పుట్టినరోజుకు రమ్మని, విందొలాండ దళాధిపతి భార్య సుల్పీసియా లెపిడినాను పిలిచిన ఉత్తరం మరొకటి. సామ్రాజ్యపు అంచున బతికినవారి గొంతు ఇంత దగ్గరగా వినిపించే చోట్లు చాలా అరుదు.

ఇప్పుడు ఆ తడికే ముప్పు వచ్చింది. వాతావరణం మారి నేల ఎండుతున్నకొద్దీ గాలి లోపలికి చేరి, పంతొమ్మిది వందల ఏళ్లు నిలిచిన వస్తువులు తవ్వకముందే కుళ్లిపోవచ్చు. అందుకే అదే ట్రస్టు పడమరనున్న మాగ్నా కోటలో 2023లో అయిదేళ్ల తవ్వకాలు మొదలుపెట్టింది. 2025లో అక్కడి కందకంలో 30 సెంటీమీటర్లకు మించిన పొడవున్న తోలు పాదరక్షలు బయటపడ్డాయి. ఆ తోలు చేతికి అందిందంటే, కందకం అడుగున తడి ఇంకా కొంత మిగిలే ఉన్నదన్నమాట.