పదవీకాల పరిమితి: అసలు మలుపు శాన్ హోసేలో

ఎల్ సాల్వడార్ అధ్యక్షుడు నయీబ్ బుకెలే ఇక ఎన్నిసార్లయినా పోటీ చేయవచ్చు. 2025 జులై 31న అక్కడి శాసనసభ 57-3 ఓట్లతో రాజ్యాంగాన్ని సవరించి దారి క్లియర్ చేసింది. అటు అమెరికాలో ట్రంప్ మూడోసారి మాట ఎత్తినప్పుడల్లా ఇదే చర్చ రాజుకుంటోంది. రూజ్‌వెల్ట్ వరసగా నాలుగుసార్లు గెలవడం, దరిమిలా 1951లో రెండుసార్లకు మించి అధ్యక్షుడిగా ఎన్నిక కారాదన్న 22వ సవరణ రావడం తెలిసిన కథే. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే అంత వెనక్కి పోనక్కర్లేదు. 2003లో కోస్టారికా రాజధాని శాన్ హోసేలో వెలువడిన ఒక కోర్టు తీర్పు దగ్గర మొదలుపెడితే చాలు.

సైన్యమే లేని బుల్లి దేశం కోస్టారికా. ఒకసారి అధ్యక్షుడైనవారు మళ్లీ ఎప్పటికీ పోటీ చేయకూడదని 1969లో రాజ్యాంగ సవరణ చేసుకుంది. 1986 నుంచి 1990 దాకా పాలించి, మధ్యలో నోబెల్ శాంతి బహుమతి కూడా అందుకున్న ఆస్కార్ అరియాస్‌కు ఆ నిబంధన అడ్డొచ్చింది. అది చెల్లదంటూ వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2000లో కొట్టేసింది. అదే ధర్మాసనం 2003లో ఒప్పుకుంది. ఎన్నికల్లో నిలబడటం ప్రాథమిక హక్కనీ, దాన్ని శాసనసభ మామూలు సవరణతో తీసేయడం కుదరదనీ చెప్పింది. 2006లో అరియాస్ స్వల్ప తేడాతో గెలిచారు.

నిజానికి ఆ తీర్పుతో కోస్టారికా కొంపేమీ మునగలేదు. దిగిపోయాక ఎనిమిదేళ్లు ఆగాలన్న పాత నియమం తిరిగి వచ్చిందంతే. అరియాస్ కూడా గడువు తీరగానే దిగిపోయారు. కానీ పరిమితిని హక్కుల ఉల్లంఘనగా చూపే వాదన ఒకటి తయారైంది. పెద్దమనిషి కోసం పుట్టిన ఆ వాదన తర్వాత ఎవరెవరి చేతుల్లో పడిందో చూడాలి.

2009 అక్టోబరులో నికరాగువా కోర్టు దాన్ని అందుకుంది. అధ్యక్షుడు డేనియల్ ఒర్తేగాకు వర్తించి ఎంపీలకు వర్తించని నిషేధం సమానత్వానికి విరుద్ధమంది. 2014లో ఏకంగా రాజ్యాంగంలోనే మార్పు జరిగింది. ఒర్తేగా ఇప్పటికీ కుర్చీ దిగలేదు.

హోండురస్ కథ మరీ విడ్డూరం. అక్కడి 1982 రాజ్యాంగం ప్రకారం, అధ్యక్షుడు మళ్లీ పోటీ చేసేలా మార్పు తేవాలని ప్రతిపాదించినా సరే, పదవి ఊడేది. రాజ్యాంగాన్ని కొత్తగా రాసుకునే విషయమై జనాభిప్రాయం అడుగుతానన్నందుకు అధ్యక్షుడు మాన్యుయెల్ జెలాయాను 2009 జూన్ 28 తెల్లవారుజామున సైనికులు పైజమా మీదే పట్టుకుపోయి విమానం ఎక్కించారు. మళ్లీ పోటీ తన ఉద్దేశం కాదని ఆయన అన్నారు, ఎవరూ వినలేదు. విమానం దిగింది శాన్ హోసేలో. అక్కడ విలేకరుల ముందు ఆయన పక్కన నిలబడింది, తర్వాత రాజీకి మధ్యవర్తిత్వం వహించింది అరియాస్.

అప్పుడు జెలాయా తొలగింపును సమర్థించిన నేషనల్ పార్టీ తరఫు ఎంపీలే కొన్నేళ్లకు అదే నిబంధనను కొట్టేయమంటూ కోర్టుకెళ్లారు. 2015 ఏప్రిల్‌లో కోర్టు సరేనంది. తీర్పు ఇచ్చిన ధర్మాసనంలో ఐదుగురు సభ్యులుంటారు. 2012 డిసెంబరులో వారిలో నలుగురిని పార్లమెంటు ఇంటికి పంపింది. ఆనాటి పార్లమెంటు అధిపతి హువాన్ ఒర్లాండో హెర్నాండెస్. 2017లో రెండోసారి దేశాధ్యక్షుడిగా ఎన్నికైందీ ఆయనే.

బొలీవియాలో జనాన్నే అడిగారు. అధ్యక్షుడు ఇవో మొరాలెస్ మరోసారి పోటీ చేయొచ్చా అని 2016 ఫిబ్రవరి 21న రెఫరెండం పెడితే 51 శాతానికి పైగా వద్దన్నారు. మరుసటి ఏడాది నవంబరులో రాజ్యాంగ ట్రిబ్యునల్ మానవ హక్కుల ఒప్పందాన్ని చూపించి, పోటీకి అడ్డు లేదని తేల్చింది. 2019 ఎన్నికల లెక్కింపుపై అల్లర్లు చెలరేగి, సైన్యాధిపతి కూడా తప్పుకోమన్నాక మొరాలెస్ రాజీనామా చేశారు. అది కుట్రేనని ఆయన వర్గం నేటికీ అంటుంది. 2023 డిసెంబరులో ఆ ట్రిబ్యునలే తన పాత మాటను వెనక్కి తీసుకుంది.

అంతకుముందే ఈ వాదనకు జవాబు వచ్చింది, అదీ శాన్ హోసే నుంచే. కొలంబియా అడిగిన ప్రశ్నపై అక్కడున్న అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు 2021 జూన్ 7న అభిప్రాయం చెప్పింది: అంతూపొంతూ లేకుండా మళ్లీ మళ్లీ ఎన్నిక కావడం మానవ హక్కు కాదు.

అడిగిన కొలంబియాకు ఆ విషయం అప్పటికే అనుభవం. 2010 ఫిబ్రవరిలో అధ్యక్షుడు అల్వారో ఉరిబే మంచి ప్రజాదరణతో ఉండగానే, ఆయన మూడోసారి పోటీకి వీలు కల్పించే రెఫరెండంను అక్కడి రాజ్యాంగ కోర్టు ఆపేసింది. ఉరిబే తలవంచారు.

ఎల్ సాల్వడార్ హోండురస్ బాటే పట్టింది. 2021 మే 1న కొత్త శాసనసభ కొలువుదీరిన రోజే రాజ్యాంగ ధర్మాసనంలోని ఐదుగురు న్యాయమూర్తులనూ తీసేసింది. కొత్తగా వచ్చినవారు సెప్టెంబరు 3న వెంటనే మళ్లీ పోటీకి ఓకే చెప్పారు. అదే దేశపు 1983 రాజ్యాంగంలోని 88వ అధికరణ, అధ్యక్ష పదవి చేతులు మారాల్సిందేననీ, ఆ నియమాన్ని ఉల్లంఘిస్తే జనం తిరగబడటం విధి అనీ చెబుతుంది. 2024 ఫిబ్రవరిలో బుకెలే భారీ మెజారిటీతో గెలిచారు. ముఠాల పీడ వదిలించారన్న పేరు ఆయనకుంది, ఆ ఓట్లు దొంగ ఓట్లని ఎవరూ అనలేరు.

సంపన్న దేశాల్లో ప్రభుత్వాధినేతలకు లేని పరిమితి తమకెందుకన్నది బుకెలే ప్రశ్న. వినడానికి బాగానే ఉంటుంది. కానీ పార్లమెంటరీ పద్ధతిలో ప్రధానికి గడువు గ్యారంటీ లేదు. 1990లో బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్‌ను దించింది ఓటర్లు కాదు, సొంత పార్టీ ఎంపీలు. అధ్యక్షుడిని అలా మధ్యలో దించడం చాలా కష్టం కాబట్టే అక్కడ పరిమితి పెట్టుకున్నారు. చైనాది వేరే లెక్క: 2018లో పార్లమెంటులో 2,958 మంది ఔనన్నారు, ఇద్దరు కాదన్నారు, పరిమితి పోయింది.

జులై సవరణతో ఎల్ సాల్వడార్ అధ్యక్షుడి గడువు ఐదేళ్ల నుంచి ఆరేళ్లకు పెరిగింది. ఎవరికీ సగం ఓట్లు దాటకపోతే జరగాల్సిన రెండో రౌండు రద్దయింది. 2029లో రావాల్సిన ఎన్నిక 2027కి ముందుకు జరిగింది.