మామ కిడ్నీ అత్తకు ఎందుకు సరిపోలేదంటే

కర్నూలు

చిన్నోడికి, బుజ్జమ్మకు,

"మామదీ ఓ పాజిటివే, అత్తదీ ఓ పాజిటివే. మామ ఇస్తానంటే డాక్టరు ఎందుకు వద్దన్నాడు తాతా?" అని మొన్న ఫోన్‌లో అడిగినారు. ముప్పై ఏండ్లు ల్యాబులో రక్తం చూసినవాణ్ణి, తొందరలో ఏదో ఒకటి చెప్పడం ఇష్టంలేక ఊరకున్నా.

పత్తికొండ దిక్కు కాపరులు గొర్రెలకు రంగు గుర్తు వేస్తారు, చూసినారు కదా. వేరే మంద గొర్రె కలిస్తే ఇట్టే పడతారు. మన కణాల మీద కూడా అట్లాంటి గుర్తులుంటాయి. వాటిని హెచ్.ఎల్.ఏ. అంటారు. సగం అమ్మవి, సగం నాయనవి. రక్తం గ్రూపు కలిసినా ఇవి కలవాలని లేదు.

అత్త ముగ్గురు బిడ్డల తల్లి. కడుపులోని బిడ్డకు సగం గుర్తులు మామవే. ఆ కణాలు కొన్ని తల్లి రక్తంలోకి వస్తాయి. అందరు తల్లుల్లోనూ కాదు గానీ, కొందరి ఒళ్లు వాటిమీద యాంటీబాడీలు, అంటే పరాయి గుర్తుల్ని పట్టుకునే పదార్థాలు, తయారుచేసి పెట్టుకుంటుంది. బిడ్డలకు ఏమీ కాలేదు. మామ కిడ్నీ పెట్టివుంటే మాత్రం అవి గంటల్లోనే దాన్ని పాడుచేసేవి.

ఇది క్రాస్‌మ్యాచ్‌లో తెలిసింది. మామ తెల్లకణాల మీద అత్త సీరం, అంటే రక్తం గడ్డకట్టినాక పైన తేలే నీరు, ఓ చుక్క వేస్తారు. చుక్క ఆరిపోకుండా పైన నూనె. కాసేపాగి కుందేలు సీరం కలుపుతారు, దాంట్లో కాంప్లిమెంట్ ఉంటుంది. యాంటీబాడీ పట్టుకున్న కణాన్ని అది చిల్లులు పొడిచి చంపుతుంది. తర్వాత రంగు వేస్తే చచ్చిన కణం రంగు పీల్చి నల్లగా కనిపిస్తుంది, బతికింది మెరుస్తుంది. పళ్లెంలో అన్నీ నల్లగా కనబడిన రోజు నాకు అన్నం దిగేది కాదు. 1964లో పాల్ తెరసాకి అనే శాస్త్రవేత్త ఈ పనిని మైక్రోలీటరు చుక్కలకు, అంటే మిల్లీలీటరులో వెయ్యో వంతుకు దించినాడు.

ఇంకో సంగతి మీకు తప్పక చెప్పాలి. ఏ గుర్తు ఎవరికుందో కనుక్కోవాలంటే, ఆ గుర్తునే పట్టుకునే యాంటీబాడీ చేతిలో ఉండాలి. అవి ఎక్కడ దొరికినాయి? ఎక్కువమంది బిడ్డల్ని కన్న తల్లుల రక్తంలో! 1958లో రోజ్ పేన్, వాన్ రూడ్ అనే శాస్త్రవేత్తలు ఆ సంగతి గుర్తించినారు. ఏండ్ల తరబడి ల్యాబుల్లో వాడిన సీరం చాలావరకు ఆ తల్లులిచ్చిందే. అత్తకు అడ్డం పడిన యాంటీబాడీల్లాంటివే ఎందరికో కిడ్నీలు వెతికిపెట్టినాయి. ఇప్పుడు గుర్తుల్ని నేరుగా డీఎన్ఏలోనే చదువుతున్నారు.

ఇక అత్తకు తోడబుట్టిన మీ నాయన వంతు. తోడబుట్టినవాళ్లలో గుర్తులన్నీ కలిసే అవకాశం నాలుగింట ఒకటి, సగం కలిసేది నాలుగింట రెండు. సగం కలిసినా సరే, క్రాస్‌మ్యాచ్‌లో కణాలు బతికితే చాలు.

శనివారం రక్తం ఇవ్వడానికి వస్తున్నాడు. చిన్నప్పటి నుంచీ వానికి సూదంటే భయం. మీరూ వచ్చి పక్కన కూర్చోండి.

మీ తాత