డెహ్రాడూన్ అటవీ విద్యాసంస్థల్లో ఎవరు ఏం చేస్తారు: అపోహలు - వాస్తవాలు

అపోహ: అక్కడ పనిచేసేవాళ్లంతా ఖాకీ ఫారెస్ట్ ఆఫీసర్లే.

వాస్తవం: న్యూ ఫారెస్ట్ (డెహ్రాడూన్‌లో ఈ సంస్థలున్న క్యాంపస్) అనగానే అన్నిటినీ కలిపి 'ఎఫ్‌ఆర్‌ఐ' (అటవీ పరిశోధన సంస్థ) అనేయడం అలవాటైపోయింది. ఇందిరా గాంధీ జాతీయ అటవీ అకాడమీ ఐఎఫ్‌ఎస్‌కు (ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్) ఎంపికైనవారికి శిక్షణ ఇస్తుంది. ఎఫ్‌ఆర్‌ఐ 1906లో పుట్టిన పరిశోధన సంస్థ, 1991 నుంచి డీమ్డ్ యూనివర్సిటీ కూడా. రాష్ట్ర సర్వీసు ఏసీఎఫ్‌లకు (అసిస్టెంట్ కన్జర్వేటర్లకు) కాస్‌ఫోస్ అనే కేంద్ర అకాడమీ వేరే ఉంది. మన బీట్ ఆఫీసర్లు డెహ్రాడూన్ దాకా వెళ్లనక్కర్లేదు, వాళ్లకు తెలంగాణలో దూలపల్లి, ఆంధ్రప్రదేశ్‌లో దివాన్‌చెరువు అటవీ అకాడమీలు ఉన్నాయి. అకాడమీలో పాఠం చెప్పే అధికారులు చాలావరకు డెప్యుటేషన్ మీద వచ్చి, కొన్నేళ్లు ఉండి, తమ రాష్ట్రానికి తిరిగి వెళ్లిపోతారు. పరిశోధన సంస్థలో దశాబ్దాల పాటు మిగిలేది శాస్త్రవేత్తలు, హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోటు) సిబ్బంది, చెక్కను సన్నటి పొరలుగా కోసే టెక్నీషియన్లు, నర్సరీ మాలీలు. వాళ్ల గురించి రాసేవాళ్లు తక్కువ.

అపోహ: ఫారెస్ట్రీ చదివితేనే ఐఎఫ్‌ఎస్.

వాస్తవం: గణితం, భౌతికశాస్త్రం, జంతుశాస్త్రం, ఇంజినీరింగ్ చదివినవాళ్లూ వస్తారు. కానీ నడక పరీక్షలో డిగ్రీ ఏం సాయం చేయదు: 4 గంటల్లో పురుషులు 25 కి.మీ., మహిళలు 14 కి.మీ. నడవాలి.

అపోహ: చెట్టు కొలవడంలో నేర్పేదేముంది, టేపు చుడితే అయిపోతుంది.

వాస్తవం: బోధకులకు ఎక్కువ ఓపిక ఖర్చయ్యేది ఇక్కడే. చెట్టు లావును రొమ్మెత్తులో కొలుస్తారు. మన దేశంలో రొమ్మెత్తు అంటే నేల నుంచి 1.37 మీటర్లు. చాలా దేశాల్లో 1.3 మీటర్లు. భూటాన్ వంటి పొరుగు దేశాల అధికారులు కూడా ఇక్కడ శిక్షణ పొందుతారు కాబట్టి, ఏ ఎత్తులో కొలిచారో ఫీల్డ్ పుస్తకం మొదటి పేజీలోనే రాయించాలి. లేకపోతే రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టినప్పుడు ఏదీ పనికిరాదు.

వాలులో ఉన్న చెట్టుకు రొమ్మెత్తును ఎగువ వైపు నుంచి లెక్కపెట్టాలి. ఒరిగిన చెట్టుకు కాండం వెంబడి 1.37 తీసుకోవాలి. రొమ్మెత్తు కన్నా కింద పంగ చీలితే రెండు చెట్లు, పైన చీలితే ఒకటే. మొదట్లో గోడల్లా లేచిన వేర్లుంటే వాటిని దాటాక కొలవాలి. టేపు ఏ మాత్రం ఏటవాలుగా పడినా అంకె పెరుగుతుందే గాని తగ్గదు. ఇంకో తప్పు తరచూ జరుగుతుంది. టేపుకు ఒకవైపు చుట్టుకొలత, రెండోవైపు వ్యాసం ఉంటాయి. వ్యాసం గడిలో చుట్టుకొలత రాసేస్తే వ్యాసం 3.14 రెట్లు అవుతుంది, అడ్డుకోత వైశాల్యం దాదాపు 10 రెట్లు. అలాంటి అంకె ఒక్కటి చాలు, ప్లాటు (కొలతల కోసం గుర్తించిన అడవి ముక్క) మొత్తం పాడవడానికి.

ప్లాటు వేయడమూ అంతే. 0.1 హెక్టారుకు 31.62 మీటర్ల చతురస్రం గీయాలి. 30 డిగ్రీల వాలులో టేపును నేలకు ఆనించి లాగితే ఆ దిశలో అడ్డంగా వచ్చేది 27.4 మీటర్లే, అంటే వైశాల్యం 13 శాతం పైగా తక్కువ. టేపును ముక్కలు ముక్కలుగా, మెట్లు దిగినట్టు, సమతలంగా పట్టుకోవాలి. దిగువ కొసన గుండు దారం వేలాడదీసేవాడు నిర్లక్ష్యం చేస్తే పైనున్న ముగ్గురి శ్రమా వృథా.

అపోహ: హెర్బేరియం అంటే ఎండుటాకుల గోడౌన్.

వాస్తవం: ఎఫ్‌ఆర్‌ఐ హెర్బేరియంలో 3 లక్షలకు పైగా నమూనాలున్నాయి. ప్రపంచంలో ఎక్కడి వృక్షశాస్త్రవేత్తకైనా దాని గుర్తు 'డీడీ' అంటే తెలుస్తుంది. అక్కడివాళ్ల పని ఆకు ఎండబెట్టడం కాదు, వందేళ్ల తర్వాత చూసేవాడికి కూడా అనుమానం రాకుండా చేయడం. కొమ్మకు పువ్వో కాయో ఉండాలి. షీటు సుమారు 42 సెం.మీ. పొడవు, 28 వెడల్పు. కొమ్మ పొడవైతే 'వి' ఆకారంలో మడవాలి. కనీసం ఒక ఆకునైనా తిరగేసి పెట్టాలి, లేకపోతే అడుగు వైపు నూగు, ఈనెలు కనపడవు. మొదటి రోజుల్లో కాగితాలు రోజూ మార్చాలి. వానాకాలంలో ఒక్క రోజు బద్ధకిస్తే బూజు. ఎండిందో లేదో తెలియాలంటే మొదలు పట్టుకుని ఎత్తాలి: ఆకులు వాలిపోకుండా నిలబడితే ఎండినట్టు, చెంపకు చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టు. షీటుకు అంటించాక పురుగు పట్టకుండా సున్నాకు 20 డిగ్రీల దిగువన కొన్ని రోజులు ఉంచుతారు. పాత షీట్లకు పాదరసపు విషం పూసేవారు కాబట్టి వాటిని చేతి తొడుగులు లేకుండా ముట్టకూడదు.

పువ్వు రంగు చెట్టు దగ్గరే రాసుకోవాలి. ఎండాక చాలా పూల రంగులు గోధుమ రంగుకు తిరుగుతాయి. చోటు, తేదీ, సముద్రమట్టం నుంచి ఎత్తు, సేకరించినవారి నంబరు లేని షీటు ఎంత అందంగా ఉన్నా గోడకు తగిలించుకోవడానికే.

అపోహ: చెక్క నిపుణుడు బరువు చూసి ఎర్రచందనం అవునో కాదో చెప్పేస్తాడు.

వాస్తవం: ఎర్రచందనం చేవ (కాండం లోపలి ముదురు చెక్క) నీళ్లలో మునుగుతుంది, నిజమే. కానీ నీళ్లలో మునిగే బరువైన చెక్కలు వేరేవీ ఉన్నాయి. శేషాచలం నుంచి వచ్చిందనే చెక్కను ముందు అడ్డంగా, పదునైన కత్తితో, ఒక్క దెబ్బలో శుభ్రంగా కోయాలి. మొద్దుబారిన కత్తికి రంధ్రాలు నలిగిపోతాయి. తడిచేసి 10 రెట్లు చూపే భూతద్దంతో రంధ్రాల అమరిక చూస్తారు. పేళ్లను చల్లటి నీళ్లలో వేస్తే రంగు దాదాపు దిగదు, ఆల్కహాల్‌లో వేస్తే ఎర్రగా దిగుతుంది. అదే వర్గానికి చెందిన ఏగిస పేళ్లు నీళ్లలో నీలి మెరుపు చూపిస్తాయి. ఇవి ఆధారాలే గాని తుది తీర్పులు కావు. తర్వాత మైక్రోస్కోపు కింద పొరలను సేకరణలోని అసలు నమూనాతో పోలుస్తారు.

కేసుల్లో నమూనా పంపేటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు రంపపు పొట్టు మాత్రమే సీలు వేసి పంపడం. పొట్టులో కణాల అమరిక మిగలదు. చేవ తప్పకుండా ఉన్న గట్టి ముక్క పంపాలి, మీద వేసిన నంబరు పంచనామాలోని నంబరుతో సరిపోవాలి.