గుర్రం ఉమ్మేసిన ముద్దలు

ప్రొద్దుటూరులో పెళ్లి ఊరేగింపులకు తిప్పే ఒక తెల్లగుర్రం కాళ్ల ముందు సగం నమిలిన జొన్నసొప్ప ముద్దలు ముద్దలుగా పడి ఉన్నాయి. "ఇది సొప్ప తినదు సార్, ఉలవ గుగ్గిళ్లయితేనే తింటాది" అన్నాడు దాన్ని సాకే ఆయన. సయించని మేతను గుర్రం సాధారణంగా నోట పెట్టుకోదు. ఇది పెట్టుకుంది, నమిలింది, పళ్ల బాధకు ఓర్చుకోలేక వదిలేసింది.

పడుచు గుర్రం దవడపన్ను 10 సెంటీమీటర్ల దాకా ఉండొచ్చు. అందులో ఎక్కువ భాగం చిగురు కింద, ఎముకలో దాగుంటుంది. ఏటా 2-3 మిల్లీమీటర్లు పైకొస్తుంది, మేత నమలడంలో దాదాపు అంతే అరుగుతుంది. బయట మేసే గుర్రం రోజులో సగానికి పైగా నములుతూనే ఉంటుంది మరి. పైదవడ కిందిదానికన్నా వెడల్పు కాబట్టి, నమలడం రోకటిపోటులా కాదు, తిరగలి తిప్పినట్టు పక్కకు సాగుతుంది. గడ్డికీ సొప్పకీ ఆ తిప్పుడు వెడల్పుగా ఉంటుంది. గింజలకు కురచ. మెత్తగా ఉడికిన ఉలవలతోనే కడుపు నింపితే పళ్ల అంచులు అరగవు. పైపళ్లకు బుగ్గవైపు, కిందిపళ్లకు నాలుకవైపు కత్తివాదర లేస్తుంది.

అప్పుడు కళ్లెం బిగిస్తే బుగ్గ ఆ వాదరకు ఒత్తుకుంటుంది. గుర్రం తల విదిలిస్తుంది. పొగరనుకుని కొట్టడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

బేరం చేసేవాళ్లు పెదవులెత్తి ముందుపళ్లే చూస్తారు, వయసు కోసం. అది మంచి విద్యే: 5 ఏళ్లకు పాలపళ్లన్నీ పోతాయి, 10 ఏళ్ల ప్రాంతంలో పైవరస చివరి ముందుపంటి మీద నిలువు గాడి కనబడటం మొదలై, 20 దగ్గరికి పంటి పొడవునా దిగుతుంది. 5 ఏళ్లు దాటాక మాత్రం చెప్పే వయసు అంచనాయే. దవడపళ్లను మాత్రం ఎవరూ చూడరు. వాటికి పశువైద్యుడు మత్తు ఇచ్చి, నోరు తెరిచి ఉంచే చట్రం బిగించి, టార్చి వెయ్యాలి. పొడవాటి ఆకురాయితో ఆ వాదరలు రాస్తారు. వాదరలో నరం ఉండదు, నొప్పి తెలియదు. అతిగా రాస్తే మాత్రం లోపలి గుజ్జు బయటపడుతుంది, అందుకే నాడాలు కొట్టేవాళ్ల చేతికి ఈ పని ఇవ్వకూడదు. ఏడాదికోసారి చూపించాలి, పళ్లు మారే 2-5 ఏళ్ల మధ్య అయితే ఏడాదికి రెండుసార్లు. ఒక ముక్కురంధ్రం నుంచే కంపుకొట్టే చీమిడి కారితే ఆగకూడదు, అది పైపంటి వేరు చీముపట్టినందువల్ల కావచ్చు.

ఆయన్ను గుర్రం బుగ్గ మీద, పైపళ్ల వరుస వెంట వేళ్లతో మెల్లగా ఒత్తమన్నాను. గుర్రం తల లాగేసుకుంది. ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. "పశువుల కాలేజీ ఎప్పుడు తెరుస్తారు సార్?" అన్నాడు.